పాత ప్రింటర్ విప్పితే దొరికే విద్య

ఇంక్‌జెట్ ప్రింటర్ మూలపడటానికి కారణం చాలా సందర్భాల్లో దాని యంత్రభాగాలు అరిగిపోవడం కాదు. వాడకం లేక హెడ్‌లో సిరా గడ్డకట్టి సన్నని రంధ్రాలు పూడిపోవడమో, కొత్త క్యాట్రిడ్జ్ ధర ప్రింటర్ ధరకు దగ్గరపడటమో, కొత్త కంప్యూటర్‌కు తగిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరకకపోవడమో అందుకు దారితీస్తుంది. కాగితాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా ముందుకు నడిపే మోటారు, హెడ్‌ను అటూ ఇటూ లాగే పళ్ల బెల్టు, కాగితం ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సార్ అప్పటికీ నిక్షేపంగా ఉంటాయి. వాటిని విప్పి కొత్త పరికరాలుగా కూర్చడం ఎలక్ట్రానిక్స్ ఔత్సాహికుల్లో దశాబ్దాలుగా సాగుతున్న ఆనవాయితీ. డబ్బు ఆదా కావడం అందులో ఒక లాభమే అయినా, పేరూ వివరాల పత్రమూ లేని భాగాన్ని కొలిచి, పరీక్షించి, అదేమిటో తేల్చుకునే నేర్పు ఈ పనిలో అలవడినంతగా కొనుక్కొచ్చిన కిట్‌తో అలవడదు.

ఏ రకం ప్రింటర్‌లో ఏం దొరుకుతుందో ముందే తెలిసి ఉంటే శ్రమ తగ్గుతుంది. బ్యాంకుల్లోనూ హోల్‌సేల్ దుకాణాల్లోనూ ఇప్పటికీ కనిపించే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, సూదులతో కాగితాన్ని కొట్టి అచ్చువేస్తుంది కనుక కార్బన్ ప్రతులకు పనికొస్తుంది. బరువైన స్టెప్పర్ మోటార్లు, గట్టి ఉక్కు కడ్డీలు అందులోనే ఎక్కువ. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్‌లలో మాత్రం తయారీదారులు కాలక్రమంలో స్టెప్పర్లను తగ్గించి, చవకైన డీసీ మోటారుకు స్థానాన్ని కొలిచే ఎన్‌కోడర్‌ను జతచేశారు. స్కానర్ కలిసివున్న యంత్రమైతే గాజుపలక కింద మరో చిన్న మోటారు ఉంటుంది.

సాధారణ మోటారు కరెంటు ఇచ్చినంతసేపూ తిరుగుతుంది. స్టెప్పర్ మోటారు ఒక్కో విద్యుత్ స్పందనకు ఒక్కో అడుగు చొప్పున నిర్ణీత కోణం మేరకే కదిలి ఆగుతుంది. అడుగుకు 1.8 డిగ్రీలైతే పూర్తి చుట్టుకు 200 అడుగులు, రేకు డబ్బాలా కనిపించే చిన్న మోటార్లలో తరచుగా ఉండే 7.5 డిగ్రీలైతే 48 అడుగులు పడతాయి. దాని నుంచి బయటికి వచ్చే తీగెల్లో ఏది దేనికి జతో చెప్పే కాగితం ఉండదు కాబట్టి, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి రెండేసి తీగెల మధ్య నిరోధం కొలుచుకుంటూ పోవాలి. నాలుగు తీగెలుంటే లోపల రెండు విడివిడి కాయిళ్లున్నట్టు. నిరోధం చూపించిన ప్రతి జంటా ఒక కాయిల్. ఆరు తీగెలుంటే ఒక్కో కాయిల్‌కు మధ్యలో మరో తీగె తీశారన్నమాట: చివరి నుంచి చివరికి 60 ఓమ్‌లు చూపిస్తే, మధ్య తీగె నుంచి ఏ చివరికైనా 30 చూపిస్తుంది. ఐదు తీగెలే ఉంటే ఆ రెండు మధ్య తీగెలను లోపలే కలిపేసి ఉంటారు. మీటర్ లేని చోట కూడా ఒక ఉపాయం ఉంది. రెండు తీగెల కొసలు కలిపి పట్టుకుని షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పినప్పుడు అది బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రెండూ ఒకే కాయిల్‌వి, ఎందుకంటే తిరిగే అయస్కాంతం ఆ కాయిల్‌లో పుట్టించిన కరెంటే తిరగడాన్ని అడ్డుకుంటుంది. మోటారు, జనరేటర్ ఒకే సూత్రానికి రెండు ముఖాలన్న పాఠం ఈ ఒక్క పరీక్షతో చేతికే తెలిసిపోతుంది.

ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో 2005లో రూపుదిద్దుకున్న ఆర్డుయినో బోర్డు, ఇలాంటి మోటార్లకు ఆజ్ఞలివ్వడాన్ని విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. అయితే ఆర్డుయినో రకాల్లో ఒకటైన ఊనో బోర్డు పిన్ను నుంచి తీసుకోదగిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లే. మోటారుకు దానికి ఎన్నో రెట్లు కావాలి గనుక మధ్యలో డ్రైవర్ చిప్ తప్పనిసరి. మధ్య తీగెలున్న మోటారుకు యూఎల్ఎన్2003 చాలు. ఒక్కో దారిలో 500 మిల్లీ ఆంపియర్ల వరకు మోయగల ఈ చిప్‌లో, కాయిల్‌కు కరెంటు ఆపిన క్షణాన ఎదురుగా ఎగదన్నే వోల్టేజిని మళ్లించే డయోడ్లు కూడా ఉంటాయి. నాలుగు తీగెల మోటారుకు ఏ4988 వంటి డ్రైవర్ మేలు. కాయిల్‌లోకి వెళ్లే కరెంటును అదే గమనించి హద్దు దాటనివ్వదు. ఆరు తీగెల మోటారును కూడా మధ్య తీగెలు వదిలేసి దీనికి కలపవచ్చు.

డీసీ మోటారు కనబడగానే నిరాశపడి పక్కన పడేయడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. ఇంక్‌జెట్ హెడ్ నడిచే దారి వెంట, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. దూరం నుంచి బూడిదరంగు రిబ్బన్‌లా కనిపించే ఆ పట్టీ మీద నిజానికి అంగుళానికి 150 లేదా 180 చొప్పున నల్లగీతలు ఉంటాయి. హెడ్ వెనక ఉన్న చిన్న సెన్సార్, పట్టీకి ఒకవైపు నుంచి కాంతిని పంపి మరోవైపు అందుకుంటూ గీతలను లెక్కిస్తుంది. ఆ సెన్సార్ ఒకదానికొకటి పావు ఆవృత్తి ఎడంగా ఉండే రెండు సంకేతాలనిస్తుంది. వాటిలో ఏది ముందు మారిందో చూస్తే కదలిక దిశ తెలుస్తుంది, రెండింటి మార్పులన్నీ లెక్కిస్తే ఒక్కో గీతకు నాలుగు స్థానాలు దొరుకుతాయి. 150 గీతల పట్టీకి అంగుళానికి 600 స్థానాలు, అంటే ఒక్కోటి సుమారు 0.042 మిల్లీమీటర్లు. ఈ రెండు సంకేతాలను ఊనో బోర్డులో 2, 3 పిన్నులకు కలిపితే, అవి మారిన ప్రతిసారీ ప్రోగ్రామ్ చేస్తున్న పని ఆపి లెక్క సరిచేసుకుంటుంది. బెల్టు జారినా, చెయ్యి తగిలినా స్టెప్పర్‌కు ఆ సంగతి తెలియదు. ఎన్‌కోడర్ ఉన్న డీసీ మోటారు మాత్రం తాను ఎక్కడున్నదీ చూసుకుంటూ తప్పును దిద్దుకుంటుంది. కర్మాగారాల రోబోలను నడిపే సర్వో నియంత్రణ సూత్రం కూడా ఇదే కాబట్టి, నేర్చుకునేవారికి రెండింటిలో ఈ అమరికే ఎక్కువ విలువైనది.

కాగితాన్ని కనిపెట్టే ఫోటో ఇంటరప్టర్ ఇంతకన్నా సులువు. యు ఆకారపు గాడికి ఒకపక్క పరారుణ ఎల్ఈడీ, ఎదుటిపక్క ఫోటో ట్రాన్సిస్టర్ ఉంటాయి. మధ్యలోకి ఏదైనా అడ్డొస్తే సంకేతం మారుతుంది. 5 వోల్టుల మీద ఎల్ఈడీకి 220 ఓమ్‌లు, ట్రాన్సిస్టర్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే, చక్రం వేగం కొలవడానికీ యంత్రపు హద్దు గుర్తించడానికీ అది పనికొస్తుంది.

మోటార్లను ఒక్కొక్కటిగా ఊడబీకడం కంటే కడ్డీ, బెల్టు, కప్పీ, హెడ్ కూర్చునే బండి కలిసివున్న చట్రాన్ని మొత్తంగా కోసి దాచుకోవడం మంచిది, ఎందుకంటే నేరుగా జారే ఆ కదలికను ఇంట్లో అంత నిక్కచ్చిగా తయారుచేయడం చాలా కష్టం. అలాంటి రెండు చట్రాలను ఒకదానికొకటి అడ్డంగా బిగిస్తే పెన్నుతో బొమ్మలు గీసే ప్లాటర్ తయారవుతుంది. బెల్టు పళ్ల మధ్య దూరం 2.032 మిల్లీమీటర్లు, కప్పీకి 20 పళ్లు అనుకుంటే, ఒక చుట్టుకు బండి 40.64 మిల్లీమీటర్లు జరుగుతుంది. 200 అడుగుల మోటారైతే అడుగుకు సుమారు 0.2 మిల్లీమీటర్లు. డ్రైవర్ ఒక్కో అడుగును పదహారు భాగాలు చేస్తే మిల్లీమీటరుకు 78.74 సూక్ష్మపు అడుగులు వస్తాయి, ఆర్డుయినోలో నడిచే గ్రబుల్ సాఫ్ట్‌వేర్ అడిగేది ఈ అంకెనే.

ఈ పద్ధతి ఎంతదూరం వెళ్లగలదో టోగో రాజధాని లోమేలో తేలింది. అక్కడి వోలాబ్ అనే ప్రయోగశాలలో కోజో అఫాటే న్యికూ, పారేసిన ప్రింటర్లు, స్కానర్లు, కంప్యూటర్ల భాగాలతో 2013 నాటికి డబ్ల్యూ అఫాటే అనే త్రీడీ ప్రింటర్‌ను రూపొందించాడు. దానికి ఊతమైన రెప్‌రాప్ పథకాన్ని 2005లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ ప్రారంభించి, త్రీడీ ప్రింటర్ నమూనాలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. దిగుమతి చేసుకున్న కొత్త విడిభాగాలు ఖరీదై, పాత యంత్రాలు మాత్రం కుప్పలుగా పడివుండే ఊళ్లన్నింటికీ ఈ ఉదాహరణ వర్తిస్తుంది.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ కుదరదు. ప్లగ్ తీసేసినా విద్యుత్ సరఫరా బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. కొన్ని కిలో ఓమ్‌ల, తగినన్ని వాట్ల రెసిస్టర్ ద్వారా దాన్ని ఖాళీచేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. లేజర్ ప్రింటర్‌లోని కాంతి చాలావరకు కంటికి కనిపించని పరారుణం కాబట్టి, మూత తీసి దాన్ని నడపడం చూపుకే ప్రమాదం. టోనర్ పొడిని ఊదకూడదు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చకూడదు.

డ్రైవర్ చిప్‌లు, కనెక్టర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. ప్రింటర్ల విషయానికొస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు తమ పాత యంత్రాలను నమోదైన సంస్థలకే అప్పగించాలి గనుక, ఔత్సాహికులకు ఇళ్ల నుంచీ చిన్న దుకాణాల నుంచీ వచ్చేవే ఆధారం. పనికొచ్చే భాగాలు తీసుకున్నాక మిగిలే సర్క్యూట్ బోర్డులు, సిరా పీల్చిన స్పాంజి, టోనర్ డబ్బా కూడా చెత్తకుండీలోకి కాక నమోదైన రీసైక్లర్‌కే వెళ్లాలి.