ఇంటిపేరు మారిన శిలాజాలు

ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర 1932లో యేల్ విద్యార్థి జి. ఎడ్వర్డ్ లూయిస్‌కు ఒక పైదవడ ముక్క దొరికింది. కొన్ని పళ్లు, వాటిని పట్టుకున్న కాస్త ఎముక, అంతే. 1934లో దానికి రామాపితెకస్ అని పేరు పెట్టాడు. 1960లలో ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్‌బీమ్ ఆ జీవిని మనిషి వంశానికి మొదట్లో నిలబెట్టారు. ఆ దవడకు రెండో సగం లేదు, నడిమధ్య భాగమూ మిగల్లేదు. ఉన్న సగానికి అలాంటిదే మరో సగం ఊహించి జతచేస్తే, పళ్ల వరస మన నోట్లోలాగే విల్లులా వంపు తిరిగింది. రెండు సగాల మధ్య ఎంత ఎడం ఉంచాలో ఆ ఎముకలో ఎక్కడా లేదు. మనిషికి పూర్వీకుడు దొరికాడన్న నమ్మకమే ఆ ఎడాన్ని నిర్ణయించిందని నా అభిప్రాయం. ఆ నమ్మకమే ఈ పేరును ఇరవై ఏళ్లపాటు విడిగా నిలబెట్టింది.

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. జాతిని సూచించే సొంత పేరు ఒకానొక నమూనాకు, అంటే మ్యూజియం సొరుగులో భద్రంగా ఉన్న ఫలానా ఎముకకు, కట్టుబడి ఉంటుంది. ముందున్న ప్రజాతి పేరు మాత్రం చుట్టరికం గురించి చేసే వాదన. వాదన వీగిపోతే అదీ మారాలి. ఈ మార్పు దాగకుండా జంతు నామకరణ నియమావళి ఒక చక్కని ఏర్పాటు చేసింది. 1959లో తూర్పు ఆఫ్రికాలోని ఓల్డువాయ్‌లో మేరీ లీకీకి దొరికిన పుర్రెకు ఆమె భర్త లూయిస్ లీకీ జింజాంత్రోపస్ బోయిసై అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని కొందరు పారాంత్రోపస్ బోయిసై అంటారు, కొందరు ఆస్ట్రలోపితెకస్ బోయిసై అంటారు. ఎవరు ఎలా రాసినా, చివర లీకీ, 1959 అన్న మాటలు బ్రాకెట్లలో ఉంటాయి. పేరు పెట్టినవాడు మొదట వేరే ప్రజాతిలో చేర్చాడని ఆ బ్రాకెట్లు చెబుతాయి. ఇంత చిన్న గుర్తులో ఒక జీవి చరిత్రంతా ఇమిడి ఉండటం నాకు ఎంతో ఇష్టం.

ఇలా పేర్లు మారుస్తూ పోతే గందరగోళమేనని, చుట్టరికం సంగతి పక్కన పెట్టి రూపాన్ని బట్టే పేరు ఖాయం చేయాలని కొందరంటారు. సొంత పేరూ నమూనా కదలవు కాబట్టి గందరగోళం వాళ్లు భయపడేంత ఉండదు. రూపం మాటకొస్తే, ఈ బోయిసైనే చూడండి. దానికీ దక్షిణాఫ్రికాలో దొరికిన రోబస్టస్ అనే మరో జాతికీ పెద్ద పెద్ద దంతాలు, మందపాటి దవడలు, నడినెత్తిన ఎముక గట్టు ఉన్నాయి. ఇవి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవైతే పారాంత్రోపస్ అన్న పేరు న్యాయమైనదే. బాగా నమలాల్సిన తిండికి తగ్గట్టు రెండు చోట్లా విడివిడిగా పరిణమించినవైతే ఆ ప్రజాతే లేదు, రెండూ ఆస్ట్రలోపితెకస్‌లోకి పోవాలి. పోలికలను ఎంతసేపు చూసినా ఈ ప్రశ్న తేలదు. నమలడంతో సంబంధం లేని లక్షణాలను వెతికితేనే తేలుతుంది.

అయితే చుట్టరికం వేరు, పూర్వీకుడన్న హోదా వేరు. రెండు జీవులు దగ్గరి బంధువులని చెప్పడానికి, వాటికి మాత్రమే ఉన్న కొత్త లక్షణాలను ఎముకల్లో చూపించవచ్చు. ఒకటి మరొకదానికి తల్లి అని చూపించడం దాదాపు అసాధ్యం. రామాపితెకస్ దెబ్బతిన్నది అక్కడే. మనిషీ ఆఫ్రికా వానరాలూ విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లేనని 1967లో సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రొటీన్ల ఆధారంగా చెప్పారు. రామాపితెకస్ అంతకంటే చాలా పాతది. పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపితెకస్ ముఖాన్ని 1982లో పిల్‌బీమే వర్ణించాడు. దగ్గర దగ్గరగా ఉన్న కంటి గుంటలు, లోపలికి వంగిన ముఖం, అంతా ఒరాంగుటాన్ పోలికే. రామాపితెకస్ శివాపితెకస్‌లో కలిసిపోయింది. శివాపితెకస్ 1910 నాటి పేరు కాబట్టి, ముందు పెట్టిందే చెల్లుతుందన్న నియమం ప్రకారం అదే మిగిలింది. తాను నిలబెట్టినదాన్ని ఎముక చూసి వదులుకున్న పిల్‌బీమ్ మీద నాకు గౌరవం ఉంది. పూర్వీకుడన్న వాదన మోయని పేరుకు ఈ బెడద ఉండదు. గోదావరి లోయలోని యామనపల్లిలో దొరికిన డైనోసార్ ఎముకలకు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. రాతిపొర పేరూ, డైనోసార్లకు మామూలుగా తగిలించే సారస్ అన్న మాటా, ఊరి పేరూ తప్ప ఎవరికి పూర్వీకుడో చెప్పే మాట అందులో ఏదీ లేదు. సారోపాడ్ల (పొడుగుమెడ డైనోసార్ల) గీత ఎక్కడ గీయాలన్న వాదన ఎటు తేలినా హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబడ్డ ఆ అస్థిపంజరం పేరు మారనక్కర్లేదు.

హోమో హాబిలిస్ విషయంలో మాత్రం పూర్వీకుణ్ణి నిలబెట్టాలన్న అదే తొందర ఇంకా కొనసాగుతోంది. మన ప్రజాతి అయిన హోమోలో చేరాలంటే మెదడు 750 ఘన సెంటీమీటర్లు ఉండాలని ఆర్థర్ కీత్ హద్దు పెట్టాడు. 1964లో లీకీ, టోబియాస్, నేపియర్ దాన్ని 600కు దించి హాబిలిస్‌ను లోపలికి తెచ్చారు. శరీర నిష్పత్తులు, దవడలు, పళ్లు చూస్తే అది ఆస్ట్రలోపితెకస్‌కే దగ్గరని 1999లో వుడ్, కొలార్డ్ వాదించారు. హోమో పుట్టుక ఆస్ట్రలోపితెకస్‌లోనే కాబట్టి ఆ ప్రజాతి ఎలాగూ అసంపూర్ణమేనని, అందులో ఇంకొకటి కుక్కితే ఒరిగేదేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది. నిజమే, పూర్వీకులున్న ఏ గుంపైనా వారసులను బయట పెడితే అసంపూర్ణమే. కానీ ఆ లోటు అందరికీ తెలిసిందే. పూర్వీకుడు కావాలని హద్దు దించడం మాత్రం పాత పొరపాటే. కాళ్ల ఎముకలు నిండుగా ఉన్న హాబిలిస్ దొరికి, అది హోమో కొలతల్లోకి వస్తే నా మాట మార్చుకుంటాను. అప్పటిదాకా ఆస్ట్రలోపితెకస్ హాబిలిస్ అనే రాస్తాను, ఆ ముగ్గురి పేర్లూ బ్రాకెట్లలో పెట్టి.