గెలిచినవాడు ఎందుకు వెళ్ళిపోతాడు? దిల్మున్, వాలినోర్, స్వర్గారోహణం

టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడింది. దాని ముగింపు చాలామంది పాఠకులకు ఇప్పటికీ కొరుకుడు పడదు. లోకాన్ని పీడించిన ఉంగరాన్ని అగ్నిపర్వతం దాకా మోసుకెళ్ళిన ఫ్రోడో, ఆ ఉంగరం నాశనమయ్యాక ఇంటికి తిరిగి వస్తాడు. తోటలు మళ్ళీ చిగురిస్తాయి, ఊరు కుదుటపడుతుంది. నిండా రెండేళ్ళు గడవకముందే అతను ఓడరేవుకు వెళ్ళి, ఎల్ఫులతో పాటు ఓడెక్కి, పశ్చిమ సముద్రానికి ఆవల ఉన్న అమరుల భూమికి వెళ్ళిపోతాడు. పెద్ద పని చేశాడు కనుక చావులేని చోటు బహుమానంగా దక్కిందని చాలామంది సరిపెట్టుకుంటారు. ఈ భాష్యానికి నవలలో ఆధారం లేదు.

మొదటి చిక్కు ఆ భూమి స్వభావంలోనే ఉంది. టోల్కీన్ మరణానంతరం 1977లో వచ్చిన ‘సిల్మరిలియన్’లో నూమెనోర్ రాజు ఒకడు అక్కడికి చేరితే చావు తప్పుతుందని నమ్మి నౌకాసేనతో దండెత్తుతాడు. దానితో అతని దేశమే సముద్రంలో మునిగిపోతుంది. అమరులు నివసించడం వల్ల ఆ నేలకు పవిత్రత వచ్చిందే తప్ప, అడుగుపెట్టిన వారికి అమరత్వం ఇచ్చే శక్తి దానికి లేదు. ఫ్రోడో కూడా కొంతకాలానికి అక్కడే మరణిస్తాడని టోల్కీన్ తన ఉత్తరాలలో స్పష్టంగానే రాశాడు. మరి చావు తప్పించని అమరభూమికి వెళ్ళడం దేనికి?

జవాబు రెండు తేదీలలో ఉంది. అక్టోబరు 6న ఫ్రోడో భుజంలో శత్రువు కత్తి దిగింది. మార్చి 13న రాక్షస సాలీడు అతన్ని కాటువేసింది. ఇంటికి వచ్చాక ఏటా సరిగ్గా ఆ తేదీలకే అతను జబ్బుపడతాడు. పైకి గాయం మానే ఉంటుంది. అతను ఆ సంగతి ఎవరికీ చెప్పడు, ఊరు గమనించదు. గాయపడిన తేదీ తిరిగి వచ్చినప్పుడు బాధ తిరగబెట్టడం నేటి వైద్యులకు కొత్త విషయం కాదు. టోల్కీన్ తరానికి అది యుద్ధం నేర్పిన పాఠం. ‘షెల్ షాక్’ అన్న మాటను ఛార్లెస్ మైయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో ప్రయోగించింది 1915లో. మరుసటి ఏడాదే టోల్కీన్ సోమ్ యుద్ధరంగంలో సంకేతాధికారిగా పనిచేసి, ట్రెంచ్ ఫీవర్‌తో ఇంగ్లండుకు తిరిగివచ్చాడు. 1918 నాటికి తన ఆప్తమిత్రులలో ఒక్కరు తప్ప అందరూ మరణించారని ఆయనే చెప్పుకున్నాడు. తన నవలను యుద్ధానికి ప్రతీకగా చదవవద్దని కూడా ఆయన అన్నాడు. ఆ మాటను గౌరవించినా ఫ్రోడో గాయం గాయమే. అతను ఓడెక్కింది బహుమానం అందుకోవడానికి కాదు, చికిత్సకు.

అమరభూమిని చికిత్సాస్థలంగా ఊహించడం టోల్కీన్‌తో మొదలు కాలేదు. మనకు తెలిసినంతలో ఈ ఊహ తొలిసారి అక్షరరూపం దాల్చింది సుమేరు మట్టిపలకల మీద. దానికి భూమ్మీద చిరునామా కూడా ఉంది. సుమేరు ప్రళయగాథలో వరద నుంచి బతికి బయటపడ్డ జియుసుద్రకు దేవతలు శాశ్వతమైన ఆయువునిచ్చి, సూర్యుడు ఉదయించే దిల్మున్‌లో నివాసం కల్పిస్తారు. ఆ దిల్మున్‌కు కేంద్రం నేటి బహ్రెయిన్ అనీ, అరేబియా తూర్పుతీరం దాని పరిధిలోకి వస్తుందనీ పరిశోధకులు భావిస్తున్నారు. ఎదురుగా ఉన్న ఖతార్ కూడా ఆ లోకంలో భాగమే. దోహాకు ఉత్తరాన అల్ ఖోర్ దగ్గరి చిన్న దీవిలో దిల్మున్ కాలపు కుండపెంకులు దొరికాయి. ఆ తర్వాత వచ్చిన కస్సైట్ల కాలంలో అదే దీవిలో సముద్రపు నత్తలను చితక్కొట్టి ఊదారంగు అద్దకం తీసేవారు. ఆ గుల్లల గుట్టలు నేటికీ ఉన్నాయి. దిల్మున్ రాగి వర్తకులు రాకపోకలు సాగించే రేవు కూడా. చావులేని చోటును సుమేరువాళ్ళు ఆకాశంలో పెట్టలేదు, తాము సరుకు దింపుకునే తీరంలోనే పెట్టారు. ఆ సరుకుల లెక్కలకూ ఈ గాథలకూ రాసినవాళ్ళు వాడింది ఒకే లిపి. విచిత్రమేమిటంటే, బహ్రెయిన్‌లో దిల్మున్ వదిలిన ఆనవాళ్ళలో అన్నిటికన్నా విస్తారమైనవి వేలకొద్దీ సమాధి దిబ్బలు!

‘ఎన్కి – నిన్‌హుర్సగ్’ గాథ ఈ దిల్మున్‌ను లేనివాటి జాబితాతో వర్ణిస్తుంది. అక్కడ కంటిజబ్బు లేదు, తలనొప్పి లేదు, ముసలితనపు ఫిర్యాదు లేదు. స్వర్గాన్ని రోగలక్షణాల లేమిగా నిర్వచించిన వర్ణన ఇంత పాతది మరొకటి ఉందో లేదో! అయితే కథ అక్కడితో ఆగదు. జబ్బే లేని ఆ దేశపు కథలో జబ్బుపడేది సాక్షాత్తూ దేవుడు. తినకూడని ఎనిమిది మొక్కలు తిని ఎన్కి మంచాన పడతాడు. ఎనిమిది అవయవాలకు నొప్పి వస్తుంది. నిన్‌హుర్సగ్ ఒక్కో అవయవానికి ఒక్కో దేవతను పుట్టించి నయం చేస్తుంది. చివరగా పుట్టినవాడు దిల్మున్‌కు అధిపతి అవుతాడు. అంటే ఆ దేశపు ఏలిక చికిత్స నుంచి పుట్టినవాడు. ఫ్రోడో ఓడ చేరే తీరానికి పూర్వరూపం ఇదే అనిపిస్తుంది.

గిల్గమెష్ ఈ వరుసలో ఎదురీదినవాడు. మిత్రుడి చావు చూసి భయపడి, చావును గెలిచినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్తాడు. తీరా చూస్తే ఉత్నపిష్టిమ్ తనలాంటి మనిషే, పనిలేక వెల్లకిలా పడుకుని ఉంటాడు. గిల్గమెష్ కాళ్ళకు రాళ్ళు కట్టుకుని నీటి అడుగుకు దిగి, యవ్వనాన్ని తిరిగి తెచ్చే మొక్కను సంపాదిస్తాడు. దాన్ని పాము ఎత్తుకుపోతుంది. కాలికి రాయి కట్టుకుని మునగడం గల్ఫ్ ముత్యాల గజ ఈతగాళ్ళ పద్ధతి. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు బజారును ముంచెత్తేదాకా ఖతార్ బతికింది ఆ మునకల మీదే. మొక్క పోయాక గిల్గమెష్ తన ఊరికి తిరిగివచ్చి, వెంట వచ్చిన పడవవాడికి ప్రాకారం చూపిస్తాడు. ఫ్రోడోకు సాధ్యం కానిది ఇదే. గిల్గమెష్‌ది చావుభయం, దానికి ఊరి గోడ మందు కాగలిగింది. ఫ్రోడోది మానని గాయం, ఊరు దానికి మందు కాలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ భారతం గుర్తురాక మానదు. పాండవుల మహాప్రస్థానాన్ని ఎక్కువగా వైరాగ్యకథగా చదువుతారు. యుద్ధం గెలిచిన 36వ ఏట కృష్ణుడు లేడన్న వార్త వస్తుంది. అర్జునుడికి గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది. అగ్నిదేవుడి మాట మీద ఆ ధనుస్సును నీళ్ళలో వదిలేస్తాడు. ద్రౌపది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోతారు. ధర్మరాజు వెంట కుక్క మాత్రం మిగులుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు రోగనిర్ధారణ స్వర్గారోహణ పర్వంలో జరుగుతుంది. స్వర్గంలో అడుగుపెట్టగానే ధర్మరాజుకు సింహాసనం మీద దుర్యోధనుడు కనిపిస్తాడు. అన్నీ వదులుకుని హిమాలయం దాటి వచ్చినవాడు అతణ్ణి చూసి మండిపడతాడు. 36 ఏళ్ళు రాజ్యమేలాడు, సోదరులను దారిలో పోగొట్టుకున్నాడు, అయినా గాయం పచ్చిగానే ఉంది. ఫ్రోడో భుజానికి అక్టోబరు 6 ఎటువంటిదో ధర్మరాజుకు ఆ సింహాసనం అటువంటిది. ఆకాశగంగలో మునిగి మానవదేహం విడిచాకే అతనిలో వైరం, శోకం అణగుతాయి. స్వర్గం కూడా ముందు చికిత్స చేసి, ఆ తర్వాతే లోపలికి రానిస్తుంది.

ఈ పర్వాలను తెలుగులోకి తెచ్చిన తిక్కన, అంతకుముందు రాసిన ‘నిర్వచనోత్తర రామాయణం’లో రామనిర్యాణ ఘట్టాన్ని విడిచిపెట్టాడు. ఆ లోటును తరువాత జయంతి రామభట్టు పూరించాడు. అమంగళమని వదిలాడంటారు. కారణమేదైనా, రాముణ్ణి సరయువులోకి పంపకుండా కలం ఆపినవాడే తర్వాత పాండవులను ఒక్కొక్కరినే దారిలో పడవేయవలసి వచ్చింది. గెలుపు దగ్గర కథ ఆపే వెసులుబాటు భారతం ఇవ్వదు. శ్రీశ్రీ 1950లో తన సంపుటికి ‘మహాప్రస్థానం’ అని పేరు పెట్టి, తిరిగిరాని నడకకు వాడే మాటను ముందుకు సాగే దండుకు ఇచ్చేశాడు. ఆ మాట పాత అర్థం నేటి పాఠకుడికి చప్పున తట్టకపోవడానికి అదీ ఒక కారణం.

బహుమానమనే భాష్యంతో నష్టం సాహిత్యానికి మాత్రమే కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఏ గల్ఫ్ దేశానికి వెళ్ళినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. ఆ మాటలో అదృష్టం వినిపిస్తుంది కానీ, వెళ్ళేముందున్న అప్పు వినిపించదు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదటి ఆట జరిగిన మైదానం అల్ ఖోర్‌లోనే ఉంది, ఆ నత్తగుల్లల దీవికి దగ్గరలో. అటువంటి కట్టడాలకు ఇటుక మోసి తిరిగివచ్చినవాణ్ణి ఊరు ఏం తెచ్చావని అడుగుతుంది. ఎక్కడ నొప్పి అని అడగదు. ఫ్రోడో ఊరూ అడగలేదు. అక్కడి సన్మానాలు యుద్ధవేషంతో, పాటలతో తిరిగివచ్చిన అతని చుట్టాలు మెర్రీ, పిపిన్‌లకే దక్కాయి. శామ్ ఓడరేవు దాకా వెంట వెళ్ళి, ఓడ కనుమరుగయ్యాక చీకట్లో చాలాసేపు నిలబడి, ఇంటికి వచ్చి, దీపం దగ్గర కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంటాడు. టోల్కీన్ కథను ఆపింది అక్కడే. ఓడ చేరిన తీరంలో కాదు.