పిల్లల్ని జడిపించడమూ ఒక విద్యే

వాడపల్లి అగస్త్యేశ్వరుడి గుడికి పిల్లల్ని తీసుకెళ్లిన పెద్దవాళ్లు తీర్థం ఇప్పించి ఊరుకోరు. లింగం మీది గుంటను చూపిస్తారు, దాని పక్కన పది వేళ్ల గుర్తులనీ చూపిస్తారు. ఇక కథ మొదలు. బోయవాడు తరుముకొస్తుంటే ఒక పిట్ట వచ్చి శివుడి వెనక దాక్కుంది. పిట్టను వదలనన్నాడు శివుడు. మరి నా ఆకలి మాటేమిటన్నాడు బోయ. నా తలలోంచి మాంసం తీసుకోమని శివుడు తల వంచాడు. బోయ రెండు చేతులతో పట్టి పెరికాడు. ఆ గాయం కడగడానికి గంగ దిగివచ్చిందట, గుంటలో నీళ్లు ఇప్పటికీ ఆ గంగవేనట. ఆ ఊళ్లోనే ఉన్న నరసింహస్వామి గుడిలో ఇంకో వింత. స్వామి ముఖం దగ్గరి దీపం ఆయన ఊపిరికి రెపరెపలాడుతుందనీ, కింది దీపం నిలకడగా ఉంటుందనీ చెబుతారు.

దామరచర్ల మండలంలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. దేవుడి తల పెరికిన కథను తరాలుగా చంటిపిల్లల ముందే చెబుతున్నారు. పిల్లలకు జ్వరాలేమీ రాలేదు. వచ్చే ఏడు మళ్లీ ఆ వేళ్ల గుర్తులు చూడాలని పేచీ పెడతారు. ఎందుకంటే కథలో పనితనం ఉంది. దెబ్బ తిన్నది దేవుడు, బతికింది పిట్ట. వినే పిల్ల మొదటినుంచీ పిట్ట పక్షమే. పైగా కథ అయిపోయాక రాతిమీద సాక్ష్యం మిగిలి ఉంటుంది. ఇంతకంటే గొప్పగా భయపెట్టిన కథకుణ్ని నాకు చూపించండి!

పిల్లలకు దయ్యాల కథలెందుకని అడిగేవాళ్లు మంచి కథకురాలి దగ్గర ఒక్క రాత్రి కూడా కూర్చోలేదని నా అనుమానం. మా వైపు ముసలమ్మలకు ఈ విద్య ఎవరు నేర్పారో గానీ, అందులో అచ్చమైన శాస్త్రం ఉంది. చేతకానివాళ్లు రాక్షసి రాగానే కేకలేస్తారు. చేతనైన నాయనమ్మ అక్కడ గొంతు తగ్గిస్తుంది. పిల్లలు దగ్గరికి జరిగితే గానీ వినపడనంతగా తగ్గిస్తుంది. జరిగారంటే ఆమె ఒళ్లోకి వచ్చినట్టే. భయం పెరిగేదీ అక్కడే, దానికి ఆసరా దొరికేదీ అక్కడే. మధ్యమధ్య వాళ్ల చేత ఊ కొట్టిస్తుంది. “ఊ కొడ్తలేవేందిరా, నిద్రొచ్చిందా?” “రాలే నాయనమ్మా, చెప్పు.” ఆ ఊ బిగుసుకుంటే రాక్షసిని నాలుగడుగులు వెనక్కి పంపి, దారిలో పేదరాశి పెద్దమ్మ పూటకూళ్లింటి దగ్గర అన్నం పెట్టిస్తుంది. ఊ సాగిందంటే మళ్లీ అడవిలోకి తోలుతుంది. వైద్యుడు నాడి పట్టినట్టు ఆమె ఊ పడుతుంది.

ఇక వర్ణన. చింతచెట్టు కింద నిలబడ్డ ఆడమనిషికి పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. అంతే, ఆ ఒక్క గుర్తే. ముఖం ఎలా ఉందో చెప్పదు. ముఖం వినే పిల్లే గీసుకుంటుంది, తాను ఓర్చుకోగలిగినంత భయంతోనే గీసుకుంటుంది. నాలుగేళ్ల వాడి దయ్యమూ పదేళ్ల దాని దయ్యమూ ఒకే చాపమీద, ఒకే కథలో, వేరువేరు ముఖాలతో నిలబడతాయి. ఏ సినిమా చేయగలదు ఈ పని?

అన్నిటికంటే గొప్ప కిటుకు మరొకటుంది. మన రాక్షసుడికి ఎప్పుడూ ఒక చావురహస్యం ఉంటుంది. బాలనాగమ్మ కథ చూడండి. బుర్రకథలుగా, సురభి వాళ్ల నాటకాలుగా, 1942లో జెమినీ వారి సినిమాగా ఊళ్లన్నీ తిరిగిన కథ అది. అందులోని మాంత్రికుడు మాయల మరాఠీ రాజుల్ని రాళ్లు చేసేంతటి వాడు. అయినా వాడు ఎత్తుకుపోయిన బాలనాగమ్మ నోము పేరు చెప్పి వాణ్ని ఏళ్ల తరబడి ఆపుతుంది. చివరికి వాడి ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని, ఆ చిలకను పట్టితెచ్చేది సైన్యాలు కాదు, ఆమె కొడుకు బాలవర్ధిరాజు. పిల్లవాడు! చాపమీద దుప్పటి కప్పుకుని వింటున్నవాడి ఈడువాడే. సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు మరాఠీ వేషానికి హాల్లో పిల్లలు ఏడ్చారని పెద్దలు చెప్పుకునేవారు. ఏడ్చే ఉంటారు. చిలక మెడ విరిగేదాకా కూర్చున్నదీ వాళ్లే.

అచ్చులో ఈ విద్యకు పట్టం కట్టింది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక చరిత్ర అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. బేతాళ కథల సంగతే చెప్పాలి. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నవి పాతికే. చందమామవాళ్లు ఆ మూసలో కొత్త కథలు పోసి దశాబ్దాల పాటు నడిపారు. మూస అంత గట్టిది మరి. శ్మశానం, శవం, దాన్ని మోసే రాజు భుజం మీద బరువు, పైన శవంలోని బేతాళుడు వేసే ఒక చిక్కు ప్రశ్న. సమాధానం తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, నోరు తెరిస్తే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. భయంతో మొదలైన పిల్ల రెండో పేజీకొచ్చేసరికి న్యాయం ఎవరి పక్షమో తేలుస్తూ కూర్చుంటుంది. దయ్యాన్ని మరిపించి బుద్ధికి పదును పెట్టడమంటే ఇదీ. అసలు కథలో ఇంకో దెబ్బ ఉంది. చివరికి రాజును బలివ్వాలని చూసేది శవంలోని బేతాళుడు కాదు, పండ్లు తెచ్చిచ్చి నమ్మించిన భిక్షువు. హెచ్చరించి కాపాడేది బేతాళుడే.

చందమామ చిత్రకారుడు శంకర్ బొమ్మలో కత్తి దూసి శవాన్ని మోస్తున్న ఆ రాజును చూడకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఒకప్పుడు తక్కువ. 2020లో ఆయన పోయినప్పుడు తల నెరిసిన వాళ్లు కూడా చిన్నపిల్లల్లా బాధపడ్డారు. అయినా సీరియల్ దగ్గరికొస్తే నేను రచయిత దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు వేసిన ‘చిత్ర’ల పార్టీ. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ... పేరు వింటేనే వీపు మీద చలి. ప్రతి నెలా సరిగ్గా మొసలి నోరు తెరిచిన చోట ఆపేవాడు దాసరి. నెల రోజులు ఆ నోటి ముందు నిలబడడం ఎంత ఓపిక నేర్పిందో ఈ కాలం పిల్లలకు చెప్పినా నమ్మరు. కొడవటిగంటి కుటుంబరావు నడిపిన పత్రికలో పాతికేళ్లకు పైగా ఆయనతో పనిచేసి, పేరు కోసం పాకులాడకుండా 2010లో వెళ్లిపోయాడు దాసరి. విగ్రహాలు పెట్టే మన జాతికి ఆయన ఎందుకు గుర్తు రాడో!

ఇవన్నీ మూఢనమ్మకాలు పెంచుతాయని హేతువాద మిత్రులు కోప్పడతారు. వాళ్ల కోపాన్ని కాదనను. బాణామతి, అంటే చేతబడి, పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన నేల మనది. కానీ నేరం కథది కాదు, పుకారుది. కథలో మంత్రగత్తె ఏడు సముద్రాల అవతల ఉంటుంది, పుకారులో పక్క వీధిలో ఉంటుంది. కథకు ముగింపు ఉంటుంది, పుకారుకు ఉండదు. 1990లలో దయ్యం వస్తుందన్న పుకారు నమ్మి ఇంటింటి తలుపు మీదా “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్నది పెద్దవాళ్లే కదా? చిన్నప్పుడు నాలుగు మంచి దయ్యాల కథలు కడుపునిండా విన్నవాడు అలాంటి పుకారు వింటే నవ్వుతాడని నా నమ్మకం.

నాకు మండేది ఫోన్లలో వచ్చే సరుకు చూస్తే. ఏ ఊరిదో తెలియని కార్టూన్ మంత్రగత్తె, ప్రాణం లేని గొంతు, నిమిషానికోసారి చెవులు పగిలే కేక. ఊరు లేదు, చెట్టు లేదు, చావురహస్యం లేదు. భయపడ్డ పిల్ల ఊ కొట్టడానికి అవతల మనిషే లేదు. ఒకటి అయ్యీ కాకముందే ఇంకొకటి వచ్చి పడుతుంది. ఇది కల్తీ సారా, కథ కాదు. దీనికి విరుగుడు అంటూ కొందరు తెచ్చే నీతిపుస్తకాలు ఇంకా ఘోరం. వాటిలో రాక్షసుడు క్షమాపణ చెప్పి బిస్కెట్లు పంచుతాడు. పిల్లలు ఆ పుస్తకాన్ని రెండోసారి ముట్టరు, వాళ్లది సరైన తీర్పు.

కథలకు కావలసిన చీకటీ తగ్గింది. ఈ దామరచర్ల మండలంలోనే వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచాక రాత్రిపూట అటువైపు ఆకాశమే వెలుగుతోంది. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దీపాలు ఎప్పటినుంచో ఉన్నవే. వెలుగు వద్దనేంత మూర్ఖుణ్ని కాను, కరెంటు కోసం రైతులు రాత్రిళ్లు బావుల దగ్గర పడిగాపులు పడిన ప్రాంతం ఇది. దీపం ఆర్పి కథ చెప్పడానికి పది నిమిషాలు చాలు, ఆ స్విచ్ మన చేతిలోనే ఉంది.

దామరచర్ల, అడవిదేవులపల్లి బళ్లలోని టీచర్లకు ఒక మనవి. సెలవులిచ్చేటప్పుడు పిల్లలకు ఒకే పని చెప్పండి. ఇంట్లో అవ్వను, తాతను కూర్చోబెట్టి వాళ్లు చిన్నప్పుడు జడుసుకున్న కథ చెప్పించి, ఫోన్లో రికార్డు చేసి తెమ్మనండి. లంబాడీ తండాల పిల్లలైతే తమ గోర్ బోలీలోనే తేవాలి, తెలుగులోకి మార్చే పని తర్వాత చూసుకోవచ్చు. ఏ చెట్టు, ఏ వాగు, ఏ బండ అని పేరు అడగడం మరవొద్దని చెప్పండి. రికార్డులో కుక్కలు మొరిగినా, గేదె అరిచినా, పక్కన చిన్నది ఊ కొట్టినా కత్తిరించొద్దు. ముఖ్యంగా ఆ ఊ.