ముళ్లబంతి, చుట్టిన పరుపు

మొన్నటి సమావేశంలో గోడకు కట్టిన బొమ్మలు సభ్యులందరూ చూశారు. 'కరోనా రోజులు, ఆ తర్వాత' అన్న అంశం ఇచ్చి మన పిల్లల చేత, కాలేజీ యువకుల చేత గీయించినవి. చప్పట్లు బాగానే మోగాయి. మేమూ కొట్టాం. తీరా ఇంటికి వచ్చాక మనసు కుదుటపడలేదు. ఆ సంగతే రాస్తున్నాం. ఇందులో తప్పు పట్టేది పిల్లలను కాదనీ, వారికి దారి చూపిన పెద్దలను, ముఖ్యంగా మమ్మల్నేననీ ముందుగా మనవి.

సగానికి పైగా బొమ్మల్లో ఒకే ఆకారం: బూడిదరంగు బంతి, ఒంటినిండా ఎర్రటి ముళ్లు. ఒకరు దానికి కోరలు పెట్టారు, ఇంకొకరు కొమ్ములు పెట్టారు. ఈ బంతి ఎక్కడిది? 2020 మొదట్లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రంలో ఆలిసా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే ఇద్దరు వైద్య చిత్రకారులు తయారు చేసినది. కంటికి కనబడని రోగానికి ఒక ముఖం ఉంటే జనం జాగ్రత్తపడతారని చేశారు. మంచి పనే. కాని అసలు వైరస్‌కు రంగే లేదు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. వెలుగు తరంగం కన్నా చిన్నదానికి ఎరుపేమిటి, బూడిదేమిటి? ఆ రంగులు చిత్రకారులు ఎంచుకున్నవి. మన పిల్లలు తాము చూసినది వదిలేసి, ఎవరో ఊహించినదాన్ని చూసి రాశారన్నమాట.

వారు చూసినదేమిటో మహబూలా వాసులకు చెప్పనక్కరలేదు. 2020 ఏప్రిల్ 6న ప్రభుత్వం మన పేటనూ, జిలీబ్ అల్ షుయూఖ్‌నూ మూసివేసింది. దారులకు అడ్డంగా కంచెలు వచ్చాయి. మే 10 నుంచి 30 దాకా దేశమంతటా పూర్తి కర్ఫ్యూ. మన పేటకు విడుదల దొరికింది జూలైలోనే. కడప, రాజంపేట, కోనసీమల నుంచి వచ్చి గదికి ఆరుగురు, ఎనిమిదిమంది చొప్పున సర్దుకున్న మనవాళ్లకు 'ఆరడుగుల దూరం పాటించండి' అని మేము చెప్పవలసి వచ్చింది. చెబుతూ వారి ముఖంలోకి చూడలేకపోయాం.

ఆ గది ఒకే ఒక బొమ్మలో కనిపించింది. ఇంటర్ చదివే అమ్మాయి పెన్సిలుతో గీసింది. రెండంతస్తుల మంచాలు మూడు. అయిదు పడకల మీద దుప్పట్లున్నాయి. ఆరోదాని మీద పరుపు చుట్టి తాడుతో కట్టి ఉంది. మంచం కింద ఒక జత చెప్పులు. అంతే. వైరస్ లేదు, డాక్టరూ లేడు. గీతలు వంకర, మంచం కోళ్లు నేలకు ఆనలేదు. అడిగితే, 'మా నాన్న వాళ్ల గది' అంది. ఆ మనిషి ఊరికి వెళ్లాడా, ఇంకెక్కడికైనా వెళ్లాడా అన్నది ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

బహుమతి ఆ బొమ్మకు రాలేదు. రెక్కలున్న డాక్టరు సూదిమందుతో ముళ్లబంతిని పొడుస్తున్న బొమ్మకు వచ్చింది. న్యాయనిర్ణేతల్లో మేమూ ఒకరం. మా వృత్తిని పొగిడిన బొమ్మకే మొగ్గామని ఒప్పుకుంటున్నాం. మాకు రెక్కలేమీ లేవు. ఆ రోజుల్లో మా చేతిలో ఎక్కువసేపు ఉన్నది టెలిఫోను. అవతల ఊళ్లో ఒక తల్లి, 'ఒక్కసారి ముఖం చూపించు నాయనా' అంటే జవాబు చెప్పలేక నిలబడ్డాం. ఆ టెలిఫోనును ఎవరూ గీయలేదు. దాని గురించి పిల్లలకు మేము చెబితే కదా!

సినిమా సంగతికి వస్తే, యువ దర్శకుడు ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి' 2021 ఫిబ్రవరిలో విడుదలైంది. కరోనా కాలాన్ని తెచ్చి సీమ ఫ్యాక్షన్ కథతో ముడిపెట్టి నవ్వించాడు. భయాన్ని నవ్వుగా మార్చడమూ ఒక మందే, తక్కువ చేయం. అయితే ఆ నవ్వులో పోయినవాళ్లెవరూ మనకు గుర్తుండరు. దానికి వేరే రచన కావాలి. తెలంగాణ మిరప చేలల్లో కూలికి వచ్చి, 2020 ఏప్రిల్‌లో కాలినడకన ఛత్తీస్‌గఢ్ బయలుదేరి, ఇల్లు చేరకముందే ప్రాణం విడిచిన పన్నెండేళ్ల పిల్ల కథతో సమీనా మిశ్రా రాయగా, తారిక్ అజీజ్ బొమ్మలు వేసిన 'జమ్లో వాక్స్' 2021లో వచ్చింది. పిల్లల కోసం వేసిన పుస్తకం. అందులో మనం వెంట నడిచేది ఒక పిల్లతో, ఆమె పేరుతో. ఆ పిల్ల కూలి చేసిన చేలు మన నేల మీదివి.

వెనకటి తరాలకూ ఈ పరీక్ష వచ్చింది. 1918 ఫ్లూ నాటికి వియన్నా చిత్రకారుడు ఎగాన్ షీలేకు 28 ఏళ్లు. గర్భవతి అయిన భార్య ఈడిత్ జ్వరంతో పడి ఉంటే, అక్టోబరు 27న ఆమె ముఖం గీశాడు. 28న ఆమె పోయింది. 31న అతడూ పోయాడు. మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను శాస్త్రజ్ఞులు పట్టుకున్నది 1933లో. గీయడానికి షీలేకు బంతి లేదు. ఎదురుగా భార్య ఉంది.

ఇక 'ఆ తర్వాత' అన్న భాగానికి వచ్చినవి మూడే బొమ్మలు. మూడింట్లోనూ ఇంద్రధనుస్సే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసిందన్నది నిజమే. కాని జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా వాసన తెలియని రోగులను చూశాం. వారిలో ఇళ్లలో వంట చేసే ఒకావిడ ఉంది. పోపు మాడినా తెలియక మాటలు పడింది. 'ఆ తర్వాత' అంటే ఆమెకు అదీ. దాన్ని ఇంద్రధనుస్సుతో గీయలేం.

కార్యవర్గానికి మా సూచన ఒక్కటే. వచ్చేసారి అంశం 'కరోనా' అని ఇవ్వవద్దు. 'ఆ రోజుల్లో మీ గదిలో ఎవరెవరున్నారు?' అని అడగండి. అప్పుడు పదేళ్లున్న పిల్లలు పెద్దవాళ్లయ్యారు, జవాబు చెప్పగలరు. ఈలోగా ఆ అమ్మాయి ఒప్పుకుంటే, వచ్చే సంచికకు ఆమె బొమ్మ వేద్దామని సంపాదకులను అడిగాం. ఉత్త పెన్సిలు గీతలే కనుక స్టెన్సిల్ మీదికి బాగానే దిగుతుందన్నారు.