పర్వత ఛాయాచిత్రాలలో కెమెరా మోత: ఒక విమర్శనాత్మక పరిశీలన

7.1 పరిచయం

పర్వతాల ఛాయాచిత్రాన్ని చూసినప్పుడు మనం సాధారణంగా దృశ్యం గురించి, వెలుగునీడల గురించి, కూర్పు గురించి మాట్లాడతాం. ఆ కెమెరా అంత ఎత్తుకు ఎలా చేరిందని అడగం. జేబులోని ఫోన్‌తో ఫోటో తీసే ఈ రోజుల్లో ఆ ప్రశ్న అనవసరమనిపించవచ్చు. కాని లార్జ్ ఫార్మాట్ కెమెరా, అంటే 4×5 అంగుళాలు గాని అంతకంటే పెద్ద ఫిల్మునో గాజు పలకనో గాని వాడే కెమెరా విషయంలో ఈ ప్రశ్న వదిలేస్తే విమర్శ సగంలోనే ఆగిపోతుంది. కెమెరాను మోసిన తీరు బొమ్మ రూపాన్ని కూడా కొంతవరకు నిర్ణయిస్తుంది. దీనిని రెండు ఉదాహరణలతో పరిశీలిద్దాం. మొదటిది 1860లలో హిమాలయాలలో శామ్యూల్ బోర్న్ చేసిన యాత్రలు. రెండవది 1927లో అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఒక చిత్రం.

7.2 అంత బరువు ఎందుకు?

బోర్న్ కాలంలో నెగటివ్‌ను పెద్దది చేసి ముద్రించడం ఆచరణలో కష్టం. నెగటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో ముద్రించేవారు. కాబట్టి పెద్ద బొమ్మ కావాలంటే అంతే పెద్ద గాజు పలక, దానికి తగిన పెద్ద కెమెరా తప్పనిసరి. బోర్న్ ప్రధానంగా వాడినది 10×12 అంగుళాల పలక. గాజు 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉంటుందనుకుంటే ఒక్కో పలక దాదాపు అరకిలో తూగుతుంది. వంద పలకలంటే యాభై కిలోలు. అవి పగలకుండా కాపాడే పెట్టెల బరువు అదనం.

1851లో వెలువడిన తడి కొలోడియన్ పద్ధతి మరో భారం తెచ్చింది. గాజుపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. మొత్తం పని సుమారు పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. అందువల్ల చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్ల పాత్రలు అన్నీ కెమెరా వెంటే కొండ ఎక్కాలి. ఒక విధంగా చూస్తే ఛాయాచిత్రకారుని గది మొత్తం కదలివెళ్లేది.

7.3 బోర్న్ చిత్రాలు: కనిపించేది, కనిపించనిది

ఇంగ్లండులో బ్యాంకు ఉద్యోగిగా ఉన్న బోర్న్ 1863లో భారతదేశానికి వచ్చాడు. అదే ఏడాది సిమ్లా నుంచి సుమారు ముప్పైమంది కూలీలతో మొదటి హిమాలయ యాత్ర చేశాడు. తర్వాత కాశ్మీరు వెళ్లాడు. 1866లో మూడవ యాత్రలో సుమారు 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమ వద్ద చిత్రం తీశాడు. అంత ఎత్తున తీసిన ఛాయాచిత్రంగా అది దాదాపు ఇరవై ఏళ్లు రికార్డుగా నిలిచింది.

ఈ చిత్రాలను జాగ్రత్తగా చూస్తే మోత ఆనవాళ్లు వాటిలోనే దొరుకుతాయి. గుడారం దగ్గరలో లేనిదే పలక తయారు కాదు. కాబట్టి ఛాయాచిత్రకారుడు నచ్చిన ప్రతిచోటా నిలబడలేడు. గుడారం వేయగలిగిన చోటికి దగ్గరలోనే నిలబడాలి. కాంతి పడనివ్వవలసిన సమయం ఎక్కువ కనుక పారే నీరు పాలవలె తెల్లగా అలుక్కుపోతుంది. కొలోడియన్ నీలిరంగు కాంతికి అతిగా స్పందిస్తుంది కనుక ఆకాశం చాలాసార్లు వట్టి తెలుపుగా వస్తుంది. ఈ లక్షణాలను కేవలం కళాకారుని అభిరుచిగా వివరించే విమర్శ పొరపాటు చేసినట్లే.

కనిపించనిది కూలీల శ్రమ. కొన్ని చిత్రాలలో మనుషులు ఉంటారు. కొండ ఎంత పెద్దదో తెలియడానికి వారిని కొలమానంగా నిలిపినట్లు తోస్తుంది. చిత్రాల శీర్షికలు స్థలాల పేర్లు చెబుతాయి, మోసినవారి పేర్లు చెప్పవు. అయితే బోర్న్ స్వయంగా బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీకి రాసిన వ్యాసాలలో ఈ మనుషులు తరచుగా కనిపిస్తారు. వారు బరువులు దించి వెళ్లిపోయినప్పుడు తాను కర్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్లి, వెదికి, బలవంతంగా తిరిగి తెచ్చిన సంగతి ఆయనే దాపరికం లేకుండా రాశాడు. కొండ రాజ్యాలలో అప్పట్లో బేగార్ అనే బలవంతపు చాకిరీ ఉండేది. తెలంగాణ చరిత్ర చదివిన మీకు వెట్టి అనే మాట చెబితే దాని స్వభావం అర్థమవుతుంది. చిత్రంలోని ప్రశాంతత, వ్యాసంలోని కర్ర ఒకే యాత్రకు చెందినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం విమర్శకుని బాధ్యత.

7.4 ఆడమ్స్: తన వీపున మోసిన కెమెరా

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పొడి పలకల పద్ధతిని ప్రకటించాడు. అది మెరుగుపడి వాడుకలోకి వచ్చాక పలకను ముందే తయారు చేసుకుని, ఇంటికి వచ్చాక కడగడం వీలైంది. గుడారం, సీసాలు అవసరం లేకపోయాయి.

1927 ఏప్రిల్ 10న ఆడమ్స్ నలుగురు స్నేహితులతో కలిసి హాఫ్ డోమ్ శిఖరానికి ఎదురుగా ఉన్న డైవింగ్ బోర్డ్ అనే చోటికి ఎక్కాడు. ఆయన మోత సుమారు 18 కిలోలు: 6.5×8.5 అంగుళాల కెమెరా, కటకాలు, ఫిల్టర్లు, కొయ్య ముక్కాలి స్టాండు, పన్నెండు గాజు పలకలు. పైకి చేరేసరికి మిగిలినవి రెండే పలకలు. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం తాను అనుభవించినంత గంభీరంగా రాదనిపించింది. రెండవ, చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. తీయడానికి ముందే తుది బొమ్మను మనసులో చూడడమనే తన భావనకు ఆడమ్స్ ఈ చిత్రాన్నే తొలి ఉదాహరణగా చెప్పుకున్నాడు.

ఇక్కడ కూడా మోత పాత్ర ఉంది. యాభై పలకలు మోయగలిగి ఉంటే ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి చూసేవాడు. ఒక్కటే మిగిలింది కనుక ముందే ఆలోచించక తప్పలేదు.

7.5 మూల్యాంకనం

ఈ పోలికను బోర్న్ చెడ్డవాడు, ఆడమ్స్ మంచివాడు అని ముగించడం తేలిక. అది సరికాదు. ఆడమ్స్ ఒక్కడే మోయగలగడానికి మొదటి కారణం పొడి పలక, గుణం కాదు. తడి పలకతో అయితే ఆయనకూ సహాయకులు కావలసి వచ్చేవారు. మరోవైపు, కూలీలు ఎందుకు కావలసి వచ్చారో రసాయన శాస్త్రం చెప్పగలదు గాని కర్ర ఎందుకు లేచిందో చెప్పలేదు. దానికి సమాధానం వలస పాలన ఇచ్చిన అధికారంలో వెతకాలి.

అయితే బోర్న్ చిత్రాలను మెచ్చుకోకూడదా? మెచ్చుకోవచ్చు. మణిరంగ్ చలిలో పలకను తడి ఆరకుండా సిద్ధం చేసిన నైపుణ్యం నిజమైనది. కాని దానిని ఒక్క మనిషి సాధనగా రాసినప్పుడు విమర్శ ఆ పల్లెవాసుల శ్రమను మరోసారి తుడిచివేస్తుంది. వారి పేర్లు ఇప్పుడు మనం చేర్చలేకపోయినా, వారు ఉన్నారని రాయగలం.

7.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తడి కొలోడియన్ పద్ధతి ఛాయాచిత్రకారుడు నిలబడే చోటును ఎలా పరిమితం చేసింది?
2. బోర్న్, ఆడమ్స్ చిత్రాలలో ఆకాశం కనిపించే తీరును పోల్చి, కారణాలు వివరించండి.
3. మీ ఇంట్లోనో ఊళ్లోనో ఉన్న ఒక పాత ఛాయాచిత్రాన్ని తీసుకోండి. అది తీయడానికి కెమెరా కాక ఇంకా ఏమేమి, ఎవరెవరు అవసరమయ్యారో పెద్దలను అడిగి తెలుసుకుని పది వాక్యాలలో రాయండి.