గాలి ఓడ కింద నేల

కిందటేడు మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు తెలుగు నోటుపుస్తకం వెనక అట్ట మీద బ్రహ్మాండమైన గాలి ఓడ బొమ్మ వేశాడు. పొగగొట్టాలు, పళ్ళ చక్రాలు, రెండు పక్కలా బారులు తీరిన ఫిరంగులు. బొమ్మ బాగుంది. కాని కింద నేల గీయలేదు. "కింద ఏముందిరా?" అని అడిగాను. "కింద ఏమీ లేదు సార్, అది పైన ఎగురుతోంది కదా" అన్నాడు. ఈ వ్యాసానికి ఆ జవాబే కారణం.

స్టీమ్‌పంక్ అనే పేరుతో ఒక కాల్పనిక సాహిత్య శాఖ ఇవాళ ప్రపంచమంతటా చెలామణీలో ఉంది. 1987లో అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ పెట్టిన పేరది. పెట్రోలు యుగం రాకుండా, ఆవిరి యంత్రాలతోనే ముందుకు సాగిపోయిన పందొమ్మిదో శతాబ్దం దాని రంగస్థలం. ఆ రంగస్థలం మీద చాలాసార్లు కథానాయకుడి కన్న పెద్ద పాత్ర యుద్ధపు ఎయిర్‌షిప్. మన మిత్రులు కొందరు దీనినంతా పలాయనవాదమని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. పుష్పక విమానం కథలు వింటూ పెరిగినవాళ్ళం మనం. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని పెద్దలు ముచ్చటగా చెప్పేవారు. రావణుడు కుబేరుడి దగ్గర లాక్కున్నదన్న సంగతి మాత్రం అంత ముచ్చటగా చెప్పేవారు కాదు. కల్పన కల్పనగా ఉండవచ్చు. ఆ ఓడను ఎవరు కట్టారు, దేనితో కట్టారు, అది ఎవరి నెత్తిమీద ఎగురుతోంది అన్న ప్రశ్నలు కల్పనకు కూడా వర్తిస్తాయి.

ముందు నిజమైన ఓడల సంగతి కొంత చూడాలి. 1924లో బ్రిటిష్ ప్రభుత్వం తన వలసరాజ్యాలను గాలి ఓడలతో కలపాలని పథకం వేసింది. ఆ ప్రభుత్వం లేబర్ పార్టీది కావడం గమనించదగ్గ విషయం. ఆ పథకంలో పుట్టిన ఆర్-101 పొడవు 777 అడుగులు. లోపల విశ్రాంతి మందిరం, చుట్ట కాల్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది. గమ్యం మన ఉపఖండమే. కరాచీలో దానికోసం పెద్ద షెడ్డు ముందే కట్టి ఉంచారు. 1930 అక్టోబరు 4 సాయంత్రం ఇంగ్లండులోని కార్డింగ్టన్ నుంచి బయల్దేరిన ఆ ఓడ మర్నాటి తెల్లవారుజామున ఫ్రాన్సులో బోవే పట్టణం దగ్గర కూలి కాలిపోయింది. అందులోని 54 మందిలో 48 మంది పోయారు. వైమానిక శాఖ మంత్రి లార్డ్ థామ్సన్ వారిలో ఒకడు. అది ప్రయాణికుల ఓడే, యుద్ధపు ఓడ కాదు. కాని సామ్రాజ్యానికి ప్రయాణం వేరు, పెత్తనం వేరు కావు.

ఈ ఓడల లోపలి వాయువు సంచుల మాట కూడా చెప్పాలి. వాటిని పశువుల పేగుల మీది పలుచటి పొరతో తయారుచేసేవారు. ఒక్కొక్క పెద్ద ఓడకు లక్షల పొరలు పట్టేవి. ఆ పొరల్ని కడిగి, కొవ్వు గీకి, ఒకదానిమీద ఒకటి అతికించే పని ఎక్కువగా స్త్రీలది. మొదటి ప్రపంచ యుద్ధంలో జెప్పెలిన్ ఓడలకు పేగులు చాలక జర్మనీలో పేగుల్లో మాంసం కూరే సాసేజ్ తయారీని కట్టడి చేశారు. 1915 మే 31 రాత్రి లండన్ మీద మొదటిసారి బాంబులు పడింది అటువంటి ఓడనుంచే. స్టీమ్‌పంక్ బొమ్మల్లో ఇత్తడి ఎంత మెరుస్తుందో చూశాం. పేగుల కంపు మాత్రం ఎక్కడా తగలదు. ఆ శాఖ మీద నా మొదటి ఫిర్యాదు ఇది.

ఆ పేరు పుట్టకముందే రాసిన పాతవాళ్ళు ఈ విషయంలో కొంత నయం. హెచ్. జి. వెల్స్ 1908లో ప్రచురించిన 'ది వార్ ఇన్ ది ఎయిర్' నవలలో జర్మన్ గాలి ఓడల దండు న్యూయార్కును తగలబెడుతుంది. ఆ దృశ్యాన్ని మనకు చూపించేవాడు సైకిళ్ళు బాగుచేసుకు బతికే ఒక మామూలు మనిషి. పొరపాటున ఓడలో చిక్కుకున్నవాడు. సేనాని కళ్ళతో చూపించి ఉంటే ఆ మంటలు బాణాసంచా అయ్యేవి.

అయితే ఈ వ్యాసంలో నేను ప్రధానంగా తీసుకోదలచింది మైకేల్ మూర్‌కాక్ 1971లో రాసిన 'ది వార్‌లార్డ్ ఆఫ్ ది ఎయిర్'. స్టీమ్‌పంక్‌కు మూలపురుషుల్లో ఒకటిగా ఆ నవలను లెక్కపెడతారు. కథ 1902లో, హిమాలయాల్లో ఒక కల్పిత రాజ్యంలో మొదలవుతుంది. దాన్ని లొంగదీయడానికి వెళ్ళిన ఆస్వాల్డ్ బాస్టబుల్ అనే బ్రిటిష్ సైనికాధికారి భూకంపంలో చిక్కుకుని, కళ్ళు తెరిచేసరికి 1973. ప్రపంచ యుద్ధాలు జరగలేదు. సామ్రాజ్యాలు చెక్కుచెదరలేదు. ఇండియా ఇంకా తెల్లవాడి చేతిలోనే ఉంది. ఆకాశం నిండా గాలి ఓడలు. మన హీరోను మంచుకొండల్లోంచి రక్షించేది కూడా ఒక గాలి ఓడే.

ఇక్కడే రచయిత తెలివి ఉంది. మొదటి సగం నవలలో ఓడ మీద మోజు పుట్టిస్తాడు. హాయి, శుభ్రత, క్రమశిక్షణ, యుద్ధాలు లేని లోకం. చదువుతున్నంతసేపూ నాకూ ఆ ఓడ ఎక్కాలనిపించింది. ఇండియా బానిసగా ఉన్న లోకంలో ఒక తెలుగు పంతులుకు ఆ ఓడలో ఏ చోటు దొరికేదో తర్వాత గాని తట్టలేదు. ఆ ఆలస్యమే నవల సాధించినది. బాస్టబుల్ దుర్మార్గుడు కాడు. సామ్రాజ్యాన్ని మనసారా నమ్మిన పెద్దమనిషి. అతని నమ్మకాన్ని పాఠకుడికి కాసేపు అరువిచ్చి, ఆపైన ఒక్కొక్క ఇటుకే లాగుతాడు రచయిత. తిరుగుబాటుదారుల ఓడలో పోలండు కెప్టెన్ ఒకడుంటాడు. అతని పేరు కొర్జెనియోవ్‌స్కీ, అంటే జోసెఫ్ కాన్రాడ్ అసలు ఇంటిపేరు. చైనా లోయలో షా అనే సేనాని కట్టిన విముక్త నగరంలో ముసలి ఉల్యానోవ్ తారసపడతాడు. 1914 యుద్ధం లేదు కనక అక్టోబరు విప్లవం లేదు. లెనిన్ వందేళ్ళు దాటిన ప్రవాసిగా మిగిలిపోయాడు. ఇది తమాషాకు పెట్టింది కాదు. చరిత్ర జరగని చోట మనుషులు ఏమవుతారో చూపే పద్ధతి.

చివరికి షా గాలి ఓడ ఒకటి కొత్త రకం బాంబుతో హిరోషిమా మీదికి వెళుతుంది. అక్కడి ఓడల యార్డును నాశనం చేయడం లక్ష్యం. ఓడలో బాస్టబుల్ ఉన్నాడు. ఆ బాంబు ఏం చేయగలదో అతనికి తెలియదు. మనకు తెలుసు. 1945 ఆగస్టు 6న పడిన నిజం బాంబుకు ఆ సంవత్సరాంతానికి చచ్చినవాళ్ళు సుమారు 1,40,000 మంది అని అంచనా. నవలలో ఆ బాంబు వేసింది సామ్రాజ్యవాదులు కాదు, వాళ్ళమీద తిరగబడినవాళ్ళు. ఈ ముగింపు చూసి విప్లవాన్ని బదనాం చేశాడని అనేవాళ్ళుంటారు. నేనూ మొదటిసారి పుస్తకం విసుగ్గా మూశాను. రెండోసారి చదివినప్పుడు ఆ విసుగు నవల మీద కాదని తెలిసింది. అంతసేపూ నేను షా పక్షాన ఉన్నాను. మన పక్షపు ఓడ పైకి లేచినప్పుడు కింద నేల ఉందని నేనూ మరిచాను, మా కుర్రవాడిలాగే. ఈ ప్రశ్నను పాఠకుడి ముందు ఇంత నిర్మొహమాటంగా పెట్టిన కాల్పనిక నవలలు నేను చదివినవాటిలో తక్కువ.

కాని మూర్‌కాక్‌ను పూర్తిగా మెచ్చుకోలేను. హిరోషిమా యార్డులో చెమటోడ్చేవాళ్ళెవరో నవల చెప్పదు. వాళ్ళు కథలోకి వచ్చేదే లక్ష్యంగా, పోయేది ఒక వెలుగుగా. ఒక్క పేజీ, ఒక్క రివెట్లు కొట్టేవాడు, ఒక్క పొరలు అతికించే ఆడమనిషి ఉండి ఉంటే ఆ వెలుగు మనల్ని ఇంకా కాల్చేది. బాస్టబుల్ కథకుడు కనక అతనికి కనిపించనిది రాయలేదనే సమర్థన ఒకటుంది. అది సగమే నిలుస్తుంది: అతని కంటికి కనిపించకపోయినా కాలికి తగిలేట్టు చేయడం రచయిత పని. మొదటి అధ్యాయాల్లో హిమాలయ రాజ్యాన్నీ, దాని పూజారి పాలకుణ్ణీ చిత్రించిన తీరు మరీ పాతది. కిప్లింగ్ కాలపు చవకబారు సాహస కథల్ని ఎగతాళి చేయబోయి, వాటి రంగులే వాడుకున్నాడు. ఇంగ్లీషు పాఠకుడు అక్కడ నవ్వుకుంటాడేమో, నాకు నవ్వు రాలేదు.

మూర్‌కాక్ 1974లో దీనికి కొనసాగింపుగా 'ది లాండ్ లెవయతాన్' రాశాడు. అందులో దక్షిణాఫ్రికాకు గాంధీ అధ్యక్షుడు; రాక్షస యంత్రం ఆకాశం వదిలి నేలమీదికి దిగింది. దాని సంగతి మరో వ్యాసంలో.