సిస్టర్ ధ్యాస ఎక్కడ తెగుతుంది

నర్సులకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పాలన్న మాట ఆసుపత్రుల్లో బాగా వినిపిస్తోంది. మనకు దానికి ధ్యాస, ఎరుక అనే సొంత మాటలే ఉన్నాయి. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ ఈ సాధనను వైద్యంలోకి తెచ్చింది తగ్గని నొప్పులతో ఉన్న రోగుల కోసం. అది నర్సుల దాకా రావడం మంచిదే. ధ్యాసను నర్సు సొంత గుణంగా మాత్రమే లెక్కగట్టడంతోనే నాకు పేచీ. ధ్యాస చుట్టూ ఉన్నవాళ్ల మీదా ఆధారపడుతుంది. విత్తేటప్పుడు గొర్రు వెంట నడుస్తూ వేరుశనగ గింజలు వదిలే ఆడమనిషి చెయ్యి లయ తప్పితే సాలంతా మొలకలు ఎడమవుతాయి. అందుకే ఆ సమయంలో ఆమెకు మరో పని చెప్పరు.

అనంతపురం సర్వజనాసుపత్రికి రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుంచి రోగులు, వాళ్ల బంధువులు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వస్తారు. స్కానింగు ఎక్కడ, డాక్టరు ఎప్పుడొస్తాడు, సెలైన్ అయిపోయింది చూడమ్మా అని కంటికి కనబడిన సిస్టర్‌నే అడుగుతారు. వాళ్ల ఆత్రంలో తప్పు లేదు. కానీ సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులివ్వడాన్ని గమనించిన 2010 నాటి అధ్యయనంలో, ఒక్కో అంతరాయానికి వైద్యపరమైన తప్పులు సుమారు 12.7 శాతం పెరిగాయి. పెన్సిల్వేనియాలో 2002లో వెలువడిన అధ్యయనమైతే, నర్సుకు ఒక్క రోగి పెరిగినా ఆమె డస్సిపోయే అవకాశం 23 శాతం, రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతాయని తేల్చింది. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చదవాలి.

ఒకే వార్డులో ఒకరు నిమ్మళంగా, మరొకరు చిరాకుగా ఉంటారు కదా, అది స్వభావం కాదా అనొచ్చు. నిజమే. సిడ్నీలోనూ ఎవరూ ఆపనప్పుడు కూడా తప్పులు జరిగాయి. శిక్షణ అవసరమని ఒప్పుకుంటాను. అయితే వరసగా నైట్ డ్యూటీలు చేసిన మనిషికి శ్వాస మీద ధ్యానం నేర్పి, నిద్ర ఇవ్వకపోతే ఆ శిక్షణ ఎంతకాలం నిలుస్తుంది? డబ్బెక్కడిదన్నది ఇంకా బరువైన ప్రశ్న. పోస్టులు నింపడానికి నిధులు కావాలి, దానికి దగ్గరి దారి లేదు. ఆస్ట్రేలియాలో మందులిచ్చే నర్సులకు ‘ఆపవద్దు’ అని రాసిన కోటు తొడిగి చూశారు. అంతరాయాలు తగ్గాయి, కానీ కోటు ఉక్కపోస్తోందని నర్సుల్లోనే చాలామంది ఇష్టపడలేదు. మన ఎండల్లో ఆ ఊసే వద్దు. మందులిచ్చే ఆ గంటసేపు వార్డు గుమ్మం దగ్గర బంధువులకు జవాబు చెప్పడానికి వేరే మనిషిని కూర్చోబెడితే చాలు, సిస్టర్ చేతిలోని చీటీ మీద చూపు నిలుస్తుంది.